పన్నెండున్నర

లండన్ నుంచి ఆ ఉత్తరం వచ్చిన నాటికి
క్లబ్బు ఖాతాలో రెండు వందల పన్నెండు పౌండ్లు,
మూత పోయిన టీ కెటిల్ ఒకటి.
ఇన్నాళ్లూ ఇరవై ఐదు కిలోహెర్ట్జ్‌ల వెడల్పున
కాళ్లు బారజాపుకున్న మా చానెలు
ఇకమీద పన్నెండున్నరలో ముడుచుకోవాలట.
పక్కన ఇంకొకరికి చోటివ్వాలట.

లెక్కలు రాసేది నేను. మెయినిర్ అంటారు.
ముప్పై ఏళ్లు బడిలో భిన్నాలు చెప్పినదాన్ని,
సగం చేయడం నాకు కొత్తేం కాదు.

కొండమీది రిపీటరుకు ఫిల్టరు, నలభై ఒకటి.
స్ఫటికాల జత ఇరవై ఆరు,
చెప్పి చేయించాలి, ఆరు వారాలు పడుతుంది.
వేల్స్‌లో వాన తెరిపిచ్చే రోజు కోసం కాచుకుని
గ్రఫిడ్ తన గొర్రెల బండిలో పైకెక్కించాడు.
డీజిలు పదకొండు.
దిగొచ్చాక తాగినది ‘ఇతరములు’ కింద వేశాను.

అది క్లబ్బు లెక్క. ఆపైన ఎవరి సెట్టు వాళ్లది.
టెగ్విన్ కొత్తది కొని
పెట్టెలోంచి తీయకముందే గొప్పలు మొదలెట్టాడు.
మాబ్లీ తన పాతదాన్ని
ఇంకా వెడల్పు మిగిలిన దేశమేదో ఉందన్న
ఓడ మనిషికి అంటగట్టింది.

ఇద్వల్ మాత్రం కదల్లేదు.
టాక్సీ కంపెనీ పారేసిన సెట్టు ఆయనది,
ఎత్తితే నడుం పట్టేస్తుంది.
పలకరాతి గనిలో తూటా పేలే ముందు
తప్పుకోండని లోయ మొత్తానికీ చెప్పిన గొంతు.
మారిన మొదటి రాత్రి
ఆ గొంతు ఇరుకు ఫిల్టరులో పట్టలేదు.
మాట మొదలూ చివరా తెగిపోయి
మధ్య ముక్క మా చేతికొచ్చింది,
తలుపు సందున నలిగిన చొక్కా చెయ్యిలా.
“అందడం లేదు ఇద్వల్” అన్నాం.
అందాలని ఇంకా గట్టిగా అరిచాడు.
అరిచినకొద్దీ ఇంకా తెగింది.

కొత్త సెట్టు నూట ఎనభై.
చందాలు వేద్దామంటే
“నా పేరు మీద డబ్బా తిప్పకండి” అన్నాడు.
గ్రఫిడ్ సన్న స్క్రూడ్రైవరు జేబులో వేసుకెళ్లి
వెనక మూత విప్పి, దుమ్ము ఊది,
శనగగింజంత మరను ఎడమకి పావు తిప్పాడు.
అంతే.
ఖర్చు సున్నా. రాసుకున్నాను.

రాయనిది ఒకటుంది.
మాట సన్నబడింది గాని
ఆ సెట్టు చెవి పాత వెడల్పునే ఉండిపోయింది.
తూటాలు సగం తినేసిన ఆయన చెవులకు
మేమందరం ఇప్పుడు పక్కగదిలో గుసగుసలం.
వాల్యూమ్ చివరిదాకా తిప్పి
హోరులో మమ్మల్ని ఏరుకుంటాడు,
బియ్యంలో రాళ్లు కాదు,
రాళ్లలో బియ్యం.

“గొంతు దగ్గర పెట్టుకుని మాట్లాడు” అన్నాం.
నేర్చుకున్నాడు.
మాంసం కొట్లో వాళ్లావిడ ఎలునెడ్ నా మోచెయ్యి పట్టుకుంది:
“ఏం చేశారు ఆయన్ని?
ఉప్పు కూడా నెమ్మదిగా అడుగుతున్నాడు.
ఒంట్లో బాలేదేమోనని డాక్టరుకి చూపించాను.”

మేం ఖాళీ చేసిచ్చిన సగంలోకి
ఇంతవరకు ఎవరూ దిగలేదు.
నిద్ర పట్టని రాత్రులు అటు తిప్పి చూస్తుంటాను.
ఏమీ ఉండదు. ఎవరో వస్తారని
తుడిచి ఉంచిన గది.

నవంబరులో, గాలికి కరెంటు రెండుసార్లు పోయిన రాత్రి,
ఆ ఖాళీలోకి ఒక గొంతు పొంగి పడుతోంది.
మరను వెనక్కి తిప్పుకున్నట్టున్నాడు.
మమ్మల్ని పిలవడం లేదు. ఎవర్నీ పిలవడం లేదు.
గనిలో పలకల కొలతల పేర్లు
పెద్దవాటి నుంచి కిందికి చదువుతున్నాడు:
డచెస్, కౌంటెస్, లేడీ,
మళ్లీ డచెస్.
లోయ మొత్తానికీ.

నియమం ప్రకారం నేను ఆపించాలి.
ఊలు ఒళ్లోంచి పక్కన పెట్టి
వాల్యూమ్ కాస్త పెంచాను.